ముప్పై దగ్గరే పిన్ను

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాలర్ల మిషను మీద ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. పక్క మిషన్ల వాళ్లు ఆవిడని ‘కీడక్క’ అని ఎదురుగానే పిలిచేవాళ్లు. ఆవిడా పలికేది. మబ్బు పడితే వరదొస్తుందనేది. ఎవరైనా రెండుసార్లు తుమ్మితే ఊపిరితిత్తులు చూపించుకోమనేది. ఫోను మోగి ఎత్తేలోపు ఆగిపోతే, ఆ రోజంతా ఎవరు పోయారో అని లెక్క వేసుకుంటూ కుట్టేది.

అది ఊరికే వచ్చిన భయం కాదు. జన్మలో ఒక్కసారి ఆవిడ ధైర్యంగా ఉంది. పెళ్లయిన తొమ్మిదో ఏట మొగుడు కడుపులో నొప్పి అంటే, “అరగలేదేమో, కాసేపు పడుకో, అదే తగ్గుతుంది” అని పనికి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మనిషి లేడు. అప్పటికి కూతురికి ఏడేళ్లు. ఆ రోజు నుంచి ఆవిడ ధైర్యాన్ని గడప లోపలికి రానివ్వలేదు.

అలాంటి తల్లికి లిఫ్టులు బాగుచేసే కూతురు. లోకంలో ఇన్ని పనులుండగా పోయి పోయి ఇదే దొరికిందా అని మొదటి నెలంతా ఆవిడకి ముద్ద దిగలేదు. కూతురేమో ఆ చీకటి గొట్టాల్లో నిచ్చెనలెక్కి దిగడంలో ఎంత చురుకంటే, కంపెనీలో అందరూ ‘ఉడత’ అనేవాళ్లు. ఇంట్లోనూ ఆ పేరే ఉండిపోయింది. వాళ్లుండేది నాలుగో అంతస్తు. ఆ భవనానికి లిఫ్టు లేదు. “చెప్పుల షాపు వాడి పిల్లలు వట్టి కాళ్లతో తిరిగినట్టుంది మన సంగతి” అని మేనమామ మెట్లెక్కినప్పుడల్లా ఆయాసపడుతూ అనేవాడు. ఆయన ఆవిడ తమ్ముడు, బస్సు కండక్టరు.

“లిఫ్టు పెట్టె కింద గుంటలోకి దూరతావు. పైనుంచి అది దిగితే?” అని తల్లి రోజూ అడిగేది. రోజూ ఉడత ఒకే జవాబు చెప్పేది.

“దిగదమ్మా. గుంటలో కాలు పెట్టే ముందు మెయిన్ స్విచ్చికి నా తాళం వేస్తాను. నా పేరు చీటీ తగిలిస్తాను. తాళంచెవి నా జేబులో ఉంటుంది. తాళం ఎవరు వేస్తే వాళ్లే తియ్యాలి, మా పనిలో అదొక్కటే చట్టం. మా మేనేజరొచ్చినా ముట్టుకోడు, వాళ్ల తాత లేచొచ్చినా ముట్టుకోడు.”

“మరిచిపోయి ముట్టుకుంటే?”

“నువ్వు నిద్రపోయేదెప్పుడమ్మా?”

చివరికి పెట్టె దిగలేదు. గుంట నిచ్చెన ఆఖరి మెట్టు మీద నూనె మరక ఉండి కాలు జారింది, అంతే. గుంట అడుగున ఉన్న స్ప్రింగు పక్కన పాదం ఇరుక్కుంది. మనిషి ఒకవైపు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల ఏదో తెగిన చప్పుడు తనకే వినబడిందని ఉడత తర్వాత చెప్పింది.

పెద్ద డాక్టరు నెమ్మదస్తుడు. చేతులు మాత్రం వడ్రంగివి. ఆపరేషన్‌కి ముందు తల్లీకూతుళ్లని కూర్చోబెట్టి ఒక తెర మీద బొమ్మలు చూపించాడు. మోకాలి లోపల పై ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే లిగమెంటు తెగింది. అది లేకపోతే కింది ఎముక సొరుగులా ముందుకు జారుతుంది, మెలి తిరిగితే మోకాలు మడత పడిపోతుంది. తొడ వెనక నుంచి సన్నటి నరం తీసి, తాడులా పేని, రెండు ఎముకల్లో చిల్లులు తొలిచి బిగిస్తారు. ఆ చిల్లు ఎక్కడ పడాలో కంప్యూటరు చెబుతుందట. ఎముకలకి గుర్తులు తగిలిస్తే కెమెరా వాటిని చూస్తూ ఉంటుంది, వెంట్రుకవాసి తేడా వచ్చినా తెర మీద చూపిస్తుంది.

“కంటితో చూసి తొలిచేవాడికంటే ఇది నయమేగా?” అంది ఉడత ఉత్సాహంగా. దానికి మిషను అంటే చాలు.

తల్లికి మాత్రం ఒకటే ప్రశ్న. “ఆ తాడు తెగదు కదండీ?”

డాక్టరు దాచకుండా చెప్పాడు. “మొదట గట్టిగానే ఉంటుందమ్మా. ఆరో వారం నుంచి పదో వారం దాకా కాస్త బలహీనపడుతుంది. లోపల పాతది పోయి కొత్త కండ పట్టే సమయం అది. ఆ తర్వాత జీవితాంతం భయం లేదు.”

ఆయన నాలుగు మాటలు చెప్తే ఆవిడ చెవిలోకి ఒకటే పోయింది. బలహీనపడుతుంది.

ఆపరేషన్ అయ్యాక ఆయనే బయటికొచ్చి, కింది ఎముక ముందు పదకొండు మిల్లీమీటర్లు జారేదనీ, ఇప్పుడు రెండే జారుతోందనీ, మోకాటికి నిలకడ వచ్చేసిందనీ చెప్పాడు. కాలరు మూలల్లో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే మొత్తం విప్పించే మేస్త్రీ కింద పనిచేసే మనిషి ఆవిడ. ఆ రెండు మాత్రం ఎందుకు మిగిలాయి అనుకుంది.

ఇంటికి పంపే రోజు ఉడత మత్తు మందు దిగక జోగుతోంది. నర్సు తల్లినే పక్కకి పిలిచి కాలికి కట్టిన బ్రేసు చూపించింది. తొడ నుంచి పిక్క దాకా పట్టీలు, మోకాటికి రెండు పక్కలా ఇనప చక్రాలు, చక్రానికి వరసగా చిల్లులు, చిల్లు చిల్లుకీ డిగ్రీల లెక్కన ఒక అంకె. పిన్ను ఏ చిల్లులో ఉంటే మోకాలు అంతవరకే వంగుతుంది. “రెండు వారాలు ముప్పై దగ్గర. తర్వాత అరవై. నాలుగో వారం దాటితే తొంభై. రోజూ బ్రేసు విప్పి మడమ వెనక్కి జరుపుతూ వంచాలి, ఏడ్చినా వంచాలి. మరిచిపోకండమ్మా” అని కాగితం చేతిలో పెట్టింది.

ఆ నాలుగు అంతస్తులూ దిగి ఎక్కడం కుదరదు కాబట్టి, వ్యాయామాలు ఇంట్లోనే చేసుకుంటే ప్రతి శనివారం తను ఫోను చేసి, ఎంత వంగిందో ఆ అంకె రాసుకుంటానంది వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి. రాసుకున్న ఫోను నంబరు తల్లిది.

ఇంటికొచ్చాక ఉడత తెలివిలోకి వచ్చి బ్రేసు అటూ ఇటూ తిప్పి చూసింది. “బాగుందే. పిన్ను సంగతి నర్సు నీకే చెప్పిందా?”

“నాకే చెప్పింది.”

“అయితే తాళం నీది. నేను ముట్టుకోను” అని నవ్వి, బ్రేసు పట్టీకి చిన్న చీటీ ఒకటి అంటించి దాని మీద ‘అమ్మ’ అని రాసింది.

కంపెనీ ఉడత స్థానం నాలుగు నెలలు ఖాళీగా ఉంచుతానంది. ఆ తర్వాత పరీక్ష. నిచ్చెన మీద గుంటలోకి దిగాలి, పెట్టె కింద గొంతుక్కూర్చోవాలి, లేచి మళ్లీ ఎక్కాలి. మూడుసార్లు. అది గెలిస్తే గుంట పని, ఓడితే లేదు. ఉడత గోడ మీద రోజులు గీసుకుని రోజుకొకటి కొట్టేసేది.

పదిహేనో రోజు పొద్దున తల్లి పిన్ను అరవైకి మార్చింది. మడమ కింద చెయ్యి పెట్టి వెనక్కి జరిపింది. ఉడత పళ్లు బిగబట్టింది. నలభై దాటిందో లేదో లోపల ‘టక్’ మంది.

చిన్న చప్పుడు. ఉడత, “ఏం లేదులే, కీలు కదా” అంది కూడా, కానీ దాని కళ్లలో నీళ్లు జారిపోతున్నాయి. తల్లి చేతులు తీసేసింది. కొత్త కుట్టుని లాగితే ఏమవుతుందో ఆవిడకి తెలియంది కాదు. దారం తెగదు, సూది చిల్లు దగ్గర గుడ్డ సాగుతుంది. ఒకసారి సాగిన గుడ్డ మళ్లీ దగ్గరికి రాదు. ఎముకలో తొలిచిన చిల్లూ అంతే కదా. టేపు తెచ్చి మోకాలు చుట్టూ కొలిచింది. నిన్నటికంటే ఒక గీత ఎక్కువ. ఇంకేముంది, తెగిపోయిందన్నంత పని అయింది ఆవిడకి.

ఉడత మొహం తుడుచుకుంటూ ఉండగా పిన్ను మళ్లీ ముప్పైకి వచ్చేసింది.

నాలుగు రోజులు చూసి మారుద్దాం అనుకుంది. నాలుగూ ఎనిమిదయ్యాయి. శనివారం ఫిజియో అమ్మాయి ఫోను చేస్తే, తీసుకుని వంటగదిలోకి వెళ్లింది.

“ఎంత వంగుతోందమ్మా?”

“అరవై” అంది తల్లి. అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆవిడే అనుకోలేదు.

“చాలా బాగుంది. ఒకసారి ఆమెకివ్వండి.”

“ఇప్పుడే పడుకుందమ్మా.”

పక్క గదిలో ఉడత నిటారు కాలు పైకెత్తి దించుతూ లెక్క పెడుతోంది. వంచడం ఒక్కటీ తప్ప కాగితంలో ఉన్నవన్నీ తల్లి చేయించేది. పొద్దున నలభైసార్లు, సాయంత్రం నలభైసార్లు. ఉడత యాభై చేసేది. కాగితం మాత్రం తల్లి పని సంచిలో కత్తెర కింద ఉండేది.

నాలుగో వారంలో ఉడత అడిగింది. “అమ్మా, మా ఆఫీసులో ఒకాయన తమ్ముడికి ఇదే ఆపరేషన్‌ట. నెలకే కాలు ముడుచుకుని కూర్చున్నాడట. మన పిన్ను మార్చాలేమో?”

“డాక్టరుగారు ఫోను చేశారు. నీది మెత్తటి నరమట. తాను చూసేదాకా ముప్పై దాటొద్దన్నారు.”

ఉడత ఒక్క క్షణం బ్రేసు వంక చూసింది. చెయ్యి చాపితే పిన్ను అందుతుంది. స్క్రూడ్రైవరు పట్టిన చేతులకి అదెంత పని. “సరే, తాళం నీది” అంది, మళ్లీ లెక్క మొదలుపెట్టింది.

ఆ శనివారం అంకె ఎనభై అయింది. ఆ పై శనివారం తొంభై.

మేనమామ వచ్చినప్పుడు, “ఏంటక్కా, పిల్ల కాలు ఇస్త్రీ చేసిన ప్యాంటులా ఉంది, ఎక్కడా మడతే లేదు” అన్నాడు. ఉడత పడీ పడీ నవ్వింది. ఆవిడ తమ్ముణ్ణి వంటగదిలోకి పిలిచి, నోరు మూసుకోమని కళ్లతోనే చెప్పింది.

ఆరు వారాలు నిండాయి. ఆసుపత్రికని ఉడతని ఒక పక్క మేనమామ, ఒక పక్క ఊతకర్ర ఆసరాగా మెట్లు దించారు. వరండా బల్ల మీద కూర్చున్నాక, పట్టీ సర్దుతున్నట్టు వంగి తల్లి పిన్ను తొంభైకి మార్చింది. ఉడత ఎదురుగా ఉన్న లిఫ్టు తలుపుల్ని చూస్తోంది. “అది అర క్షణం ఆలస్యంగా మూసుకుంటోంది మావయ్యా, ఎవరూ పట్టించుకోవట్లేదు” అంటోంది.

లోపల పెద్ద డాక్టరు బ్రేసు విప్పించి, కింది ఎముకని రెండు చేతులా పట్టి ముందుకు లాగాడు. మళ్లీ లాగాడు. మొహం విచ్చుకుంది. “రాయిలా ఉంది. ఇలాంటి నిలకడ నేను చూసి చాలా రోజులైంది.”

తల్లికి ప్రాణం లేచొచ్చింది. చూశావా అనుకుంది, ఎవరితోనో.

“ఇప్పుడు వంచమ్మా.”

ఉడత వంచింది. కొంచెం వెళ్లి ఆగిపోయింది. డాక్టరు చెయ్యి వేసి తోశాడు. గోడని తోసినట్టుంది. కొలబద్ద పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది.

“ఇంకా?”

“ఇంతే వస్తోంది డాక్టర్.” ఉడత పెదవుల చుట్టూ తెల్లబడింది.

ఆయన ఎక్స్‌రే తీయించుకురమ్మని చక్రాల కుర్చీలో మేనమామతో పంపించాడు. తలుపు మూసుకున్నాక ఫిజియో అమ్మాయి తన చార్టు బల్ల మీద పెట్టింది. ముప్పై, అరవై, ఎనభై, తొంభై. నీలం సిరాతో శుభ్రంగా రాసి ఉన్నాయి.

“రెండు వారాల కింద తొంభై వంగిందన్నారు కదమ్మా?” అన్నాడు డాక్టరు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. “అవునండి” అంది తల్లి.

“తర్వాత ఎప్పుడు ఆగింది?”

“ఈ మధ్యేనండి. సరిగ్గా తెలియదు.”

ఆయన కంప్యూటరు తిప్పి ఆపరేషన్ నాటి బొమ్మలు తీశాడు. పచ్చ గీతలు, ఎర్ర చుక్కలు. చాలాసేపు చూశాడు. ఎక్స్‌రే వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాడు. ఉడత కుర్చీలో కూర్చుని ఆయన మొహమే చూస్తోంది.

“చిల్లులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాలు మాత్రం వంగట్లేదు. లోపల ఏదో అడ్డుపడింది, లేదా తాడే దారిలోకి వచ్చింది. ఊరుకుంటే ఇలాగే బిగుసుకుపోతుంది. ఎల్లుండి తెరిచి చూస్తాను. తాడు అడ్డంగా ఉంటే తీసెయ్యక తప్పదు. ఆరు నెలలాగి మళ్లీ వెయ్యాలి. ఈసారి రెండో కాలి నుంచి తీసుకోవాలి.”

“మళ్లీ మొదటి నుంచా?” అంది ఉడత.

సంతకం చేయాల్సిన కాగితం పట్టుకుని ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. మేనమామ నవ్వించాలని చూశాడు. “పోనీలే, సగం టికెట్టుకి రెండు ప్రయాణాలు” అన్నాడు. ఎవరూ నవ్వకపోతే ఆయనే తల దించుకున్నాడు.

“నేనే ఏదో చేశాను” అంది ఉడత. “నలభై చెయ్యమంటే యాభై చేసేదాన్ని. ఎక్కువ చేసి లోపల కదిలించేశానేమో. లేకపోతే ఆ మిషనే తప్పు చూపించి ఉంటుంది. మా దగ్గరా అంతే. బోర్డు మీద మూడో అంతస్తు అని వెలుగుతుంది, పెట్టె రెండున్నర దగ్గర ఉంటుంది.” మేనమామ వైపు తిరిగి, “ముప్పై దాటొద్దని ఫోను చేసిందీ ఆయనే, ఇప్పుడు వంగట్లేదంటున్నదీ ఆయనే. డాక్టరు మీద కంప్లైంటు రాస్తే తీసుకుంటారా మావయ్యా?” అంది.

“నువ్వేం చేస్తావే” అన్నాడాయన. “చెప్పింది చెప్పినట్టు చేశావు.”

“అదే కదా. చెప్పినవన్నీ చేశాను.”

తల్లికి ఆ మాట సూదిలా దిగింది. చెబితే కూతురు దూరమైపోతుంది. చెప్పకపోతే కూతురి కాలు కోస్తారు, రాయిలా ఉన్న తాడు తెంపి పారేస్తారు, ఇంకో కాలికి గాటు పెడతారు, ఆ నెమ్మదస్తుడి పేరు చెడుతుంది. ఆవిడ ఇన్నేళ్లలో ఊహించుకోని కీడు లేదు. ఇది మాత్రం ఊహకి రాలేదు. ఎందుకంటే ఇందులో కీడు తనే.

మంచినీళ్లు తాగొస్తానని లేచి, మళ్లీ ఆ గది తలుపు తోసింది.

ఫిజియో అమ్మాయి ఒక్కతే ఉంది. “అమ్మాయ్, ఆ అంకెలు నేను చెప్పినవి” అంది తల్లి నిలబడే.

“మీరు చెప్పినవే కదమ్మా రాశాను.”

“కావు. వంగలేదు. ఒక్కసారి తప్ప ముప్పై దాటలేదు. పిన్ను నేను అక్కడే ఉంచేశాను.”

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. ఇరవై అయిదేళ్లుంటాయేమో. “ఆరు వారాలూ?”

“ఆరు వారాలూ. టక్ మంది. భయమేసింది.”

“నాకు ఫోను చెయ్యొచ్చు కదమ్మా. ప్రతి శనివారం నేనే చేశాను కదా. టక్ మంటుంది, అందరికీ అంటుంది. అది అడగడానికే కదా నేను చేసేది.” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును అనిపించింది తల్లికి. చార్టు తీసుకుని ఆ అమ్మాయి డాక్టరుని పిలవడానికి వెళ్లింది.

ఆయన విని, నుదురు రాసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. “అయితే తెరవక్కర్లేదు. వంచక కీలంతా అతుక్కుపోయింది, అంతే. మత్తిచ్చి చేత్తో వంచుతాను. కానీ వినండమ్మా. రోజుకి కాస్త చొప్పున ఆరు వారాల్లో జరగాల్సింది నేను ఒక్క నిమిషంలో చెయ్యాలి. ఇది ఏడో వారం. తాడు బలహీనంగా ఉండే సమయం సరిగ్గా ఇదే. నేను తోసేటప్పుడు అతుకు విడుతుందో, తాడు సాగుతుందో నా చేతికి తెలియదు. అదే నెల కిందయితే ఈ గొడవే లేదు.”

తాడు తెగకూడదనే కదండీ, అనబోయింది ఆవిడ.

“ఆమెకి మీరు చెప్తారా, నేను చెప్పనా?”

“నేనే చెప్తాను.”

వరండాలో కూతురి ఎదురుగా నిలబడి చెప్పింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది. మేనమామ “అక్కా” అని మాత్రం అన్నాడు. ఉడత పిన్ను వంక చూసింది. తొంభై దగ్గర ఉంది.

“ఇది ఎప్పుడు మార్చావు?”

“పొద్దున. ఇక్కడే.”

“నేను ఆ లిఫ్టు చూస్తున్నప్పుడా?”

తల్లి తలూపింది.

“మా పనిలో మనిషి గుంటలో ఉండగా తాళం గురించి అబద్ధమాడినవాణ్ణి తిట్టరమ్మా. కొట్టరు కూడా. మళ్లీ ఏ గుంట దగ్గరకీ రానివ్వరు, అంతే.” వంగి, బ్రేసు మీద చీటీని గోటితో గీకి తీసింది. జిగురు గట్టిగా ఉండి ముక్కలు ముక్కలుగా వచ్చింది. “మావయ్యా, ఆ కాగితం ఇలా ఇవ్వు. సంతకం పెడతాను.”

మూడోనాడు పొద్దున తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్లారు. తొమ్మిదీ ఇరవైకి డాక్టరు బయటికొచ్చాడు. చెమట పట్టి ఉంది.

“నూట పది దాకా వంగింది. మిగతాది రోజూ వంచుకుంటే వస్తుంది.”

తల్లి ఆగింది. మంచి వార్త వెనక ఇంకోటి ఉంటుందని ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

“మళ్లీ లాగి చూశాను. అప్పుడు రెండు మిల్లీమీటర్లు ఉండేది. ఇప్పుడు అయిదున్నర వస్తోంది. తాడు తెగలేదు, సాగింది. నడకకి ఢోకా లేదు. నిచ్చెనలూ, గుంటలూ అంటే నేను మాటివ్వలేను.”

సాగింది. ఆ మాట ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు ఫిజియో అమ్మాయి రోజు విడిచి రోజు నాలుగంతస్తులూ ఎక్కొచ్చింది. వంచే సమయానికి, “నువ్వు బయట కూర్చో” అనేది ఉడత, మంచినీళ్లు అడిగినంత మామూలుగా. తల్లి మెట్ల మీద కూర్చునేది. లోపల్నుంచి కూతురి అరుపు వినిపించేది. పైంతస్తు వాళ్లు దిగుతూ, “ఏమైందండీ” అనేవాళ్లు. “వంచుతున్నారు” అనేది. ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండేవి. ఫిజియో అమ్మాయి రాని రోజుల్లో మేనమామ డ్యూటీ దిగి వచ్చి వంచేవాడు. ఆయన చేతులు మెత్తన. “టికెట్టు చింపడమే గానీ మనుషుల్ని విరవడం నాకు రాదే” అనేవాడు. ఉడత నవ్వకుండా, “ఇంకా తొయ్యి” అనేది. భోజనం పెడితే తినేది. అడిగితే జవాబు చెప్పేది. తనంతట తాను ఏమీ అడిగేది కాదు. బ్రేసు రాత్రిళ్లు తన మంచం పక్కనే, గోడ వైపు పెట్టుకునేది.

పరీక్ష రోజు మేనమామతో వెళ్లింది. తల్లి కార్ఖానాకి వెళ్లి కాలర్లు కుట్టింది. మూడు కాలర్లు తిరగేసి కుట్టి విప్పింది.

మధ్యాహ్నం టీ వేళకి అందరూ గేటు దగ్గర నిలబడి ఉండగా ఆ వీధి మొదట్లో బస్సు ఆగింది. ఉడత దిగి నడిచొస్తోంది. చేతిలో కర్ర లేదు, కాలికి బ్రేసు లేదు. తిన్నగా, ఎక్కడా కుంటకుండా నడుస్తోంది. వెనక మేనమామ.

“చూడవే కీడక్కా” అంది బొత్తాల మిషనావిడ. “ఆ నడక చూడు, ఒక్క వంక లేదు. పిల్ల గురించి ఎన్నెన్ని అన్నావు. అంతా నీ చేతి చలవ. కాలిని కళ్లలో పెట్టుకుని చూశావు.”

“అవునండీ” అంది ఉడత వాళ్ల దగ్గరికొచ్చి. “మా అమ్మ చాలా జాగ్రత్తగా చూసుకుంది.” గొంతులో వేడి లేదు, వెటకారం లేదు. అందుకే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

తల్లి తమ్ముడి మొహం వైపు చూసింది. ఎప్పుడూ ఏదో ఒక జోకు రెడీగా ఉండే మనిషి, గేటు మీద రాసున్న అక్షరాలు చదువుతున్నాడు.

“వంగలేదా?” అంది కూతుర్ని పక్కకి తీసుకెళ్లి, మెల్లగా.

“పూర్తిగా వంగింది. మూడుసార్లూ గొంతుక్కూర్చున్నాను, లేచాను.”

“మరి?”

“మూడోసారి నిచ్చెన దిగుతూ పక్కకి తిరిగాను. లోపల జారింది. మెట్టు పట్టుకుని ఆగాను గానీ, పైనుంచి పరీక్ష పెట్టినాయన చూశాడు.” భుజం మీద సంచి సర్దుకుంది. “గుంట పని రాదమ్మా. విడిభాగాల గదిలో కూర్చోమన్నారు. ఎవరికి ఏ బోల్టు కావాలో ఇచ్చి పంపాలి. సోమవారం నుంచి.”

“అది పోనీ, ప్రమాదం లేని...” అని మొదలుపెట్టి తల్లి ఆపేసింది. నాలుక చివరి దాకా వచ్చిన ఆ మాటలో ఎక్కడో కాస్త సంతోషం ఉంది. అది కూతురికి వినబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“నువ్వు పనికి వెళ్లు, గంట కొడతారు” అంది ఉడత.

గేటు దగ్గర వాళ్లు టీ గ్లాసులు కడుక్కుంటున్నారు. ఉడత వీధి దాటడానికి గట్టు చివర ఆగింది. జానెడు ఎత్తు కూడా లేదది. ఒక్క క్షణం దాని వంక చూసి, మేనమామ భుజం మీద చెయ్యి వేసి, ఆపరేషనయిన కాలు ముందు దించి, అది నిలబడిందని తెలిశాకే రెండోది దించింది. తల్లి చూస్తూ ఉండిపోయింది. లోపల గంట కొట్టారు.